రేపటి తేదీ వేసిన ఉత్తరం

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
7 జూలై 1999

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు జ్ఞానశేఖర్‌కు,

పెద్దక్క దీవించి రాయునది. దేవుని కృపవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. కాకినాడలో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నిన్నటి ఉదయాన్ని నీకు ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను. పెద్ద విశేషమేమీ లేదు. మామూలు మంగళవారం.

నాలుగున్నరకు లేచాను. నీళ్ళ రోజు. పక్కింటి దేవమ్మ నా బిందె కూడా తన బిందె వెనక వరసలో పెట్టి ఉంచింది. ఆరు బిందెలు పట్టాను. నాలుగోదానికి నడుం పట్టేసింది, కాసేపు గోడకు ఆనుకున్నాను. లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. లేచాను. పాలు కాచాను.

అప్పటికి మన చిన్నది డోరా స్నానాల గదిలో షురూ చేసింది. "నేను సమర్థురాలిని. నేను భయపడను. నేను ముందుకు నడుస్తాను." వేసవి సెలవుల్లో నువ్వు మన చర్చి హాల్లో వ్యక్తిత్వ వికాసం తరగతి పెట్టినప్పుడు అందరికీ ఇచ్చిన కాగితం. నీళ్ళు పడినా తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి అద్దానికి అంటించుకుంది. రోజుకు ఇరవై ఒక్కసార్లు. వెంటిలేటర్ దేవమ్మ వాళ్ళ గోడవైపు ఉంటుంది కదా.

"ఏంది కాంతమ్మా, మీ టీచరమ్మ పొద్దుగాల్నే ఎవరితోని కొట్లాడుతుంది?" అంది గోడ మీంచి.

"ఎవరితో కాదు దేవమ్మా. అద్దంతో."

"మరి అద్దమేమంటుంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

"జెర ఆ కాయితం నాక్కూడ ఒకటి రాయించియ్యరాదు. మా ఆయన నా మాట ఎట్లాగు ఇంటలేడు. గా అద్దం ముంగట నిలబెడ్తా."

నవ్వు వచ్చింది. నవ్వి చాలా రోజులైందని నవ్వాక తెలిసింది.

తర్వాత కుటుంబ ప్రార్థన. ఒక చరణం పాడి, వాక్యం చదివి, నేను ప్రార్థించాను. డోరా ఎప్పటిలాగే చివర ఆమేన్ మాత్రం పలికింది. అమ్మ ఉన్నప్పుడూ అంతే కదా. తన వంతు వస్తే నా మోచేతిని తట్టేది. మే నెలలో నీ తరగతిలో నలభై మంది ముందు మూడు నిమిషాలు మాట్లాడిన మనిషి, ఇంట్లో నా ఒక్కదాని ముందు నోరు తెరవదు. అనుకున్నాను, అంతే. అనలేదు.

ఉప్మా పెట్టాను. నా పళ్ళెం పక్కన ఒక కాగితం మడిచి పెట్టింది. రాజీనామా. ఏ.ఎస్. రావు నగర్ స్కూల్లో పద్నాలుగేళ్ళ ఉద్యోగం శేఖర్. ఏడు వరసల కాగితం.

"ఆగస్టు ముప్పై ఒకటిలోపు ఇస్తే దసరా సెలవులకు వదిలేస్తారు పెద్దక్కా. అక్కణ్ణించి అన్నయ్య దగ్గరకు వెళ్తాను."

"రమ్మన్నాడా?"

"ఫోన్ చేసినప్పుడల్లా రమ్మంటున్నాడు. ఆడవాళ్ళ బ్యాచ్ మొత్తం నేనే చూసుకోవాలట."

ముప్పై ఆరేళ్ళ మనిషిని వద్దనడానికి నేనెవరిని. నిరుడు హెడ్‌మిస్ట్రెస్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే మాట రాక లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఆరు నెలలు తల ఎత్తలేదు. ఎత్తేలా చేసింది నీ తరగతే. అది నేను మరిచిపోను.

నీ తరగతి మూడో రోజు అందరి చేతా రాయించావే, రేపటి ఉత్తరం. కోరుకున్నది జరిగిపోయినట్టు, ముందు తేదీ వేసి, ఇష్టమైనవాళ్ళకు పోస్టు చేయాలని. డోరా ఉత్తరం మే నెలలో నాకు అందింది. లోపల డిసెంబరు తేదీ. "యాభై మంది ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాను" అని ఉంది. నాకేమీ బోధపడక పోస్ట్‌మ్యాన్ జంగయ్యను ఆపి అడిగాను. "ఆలస్యంగ తెచ్చినమని తిడ్తరు గానమ్మా, ఏడు నెలలు ముందుగాల తెచ్చినమని ఎవ్వలు తిట్టలే" అన్నాడు.

ఇప్పుడు ఆ ఉత్తరాన్ని నమ్ముకుని ఉద్యోగం వదిలేస్తోంది. అందుకని అడుగుతున్నాను. నీ తరగతులు నిలబడి ఉన్నాయా? ఇంకో మనిషి బతుకు వాటి మీద పెట్టగలిగినంతగా?

ఫోన్‌లో చెప్పకు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రోజుకు నాలుగొందల గొంతులు వినే చెవి నాది, ఇంటికొచ్చాక ఇంకొకటి పట్టదు. పైగా నోటితో అయితే నువ్వు గెలుస్తావు. కాగితం మీద ఇద్దరం సమానం.

నీ క్షేమం కోరే అక్క,
కాంతమణి

*

కాకినాడ
16 జూలై 1999

ప్రియమైన పెద్దక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దేవమ్మగారి మాట నిన్న తరగతిలో చెప్తే అందరూ పగలబడి నవ్వారు. ఆమెకు కాగితం పంపుతున్నాను, ఇందులోనే ఉంది. భర్తకని కాదు, ముందు ఆమెకే అని చెప్పు. మారవలసింది పక్కవాడని అనుకున్నంతకాలం ఎవరూ మారరు. ఇది నేను మొదటి రోజు చెప్పే పాఠం.

నీకు భయంగా ఉంది. భయం తప్పు కాదక్కా. భయాన్ని నిర్ణయాలు తీసుకోనివ్వడం తప్పు. డోరా పద్నాలుగేళ్ళు ఆ ఉద్యోగంలో ఉన్నది ఇష్టమై కాదు, అలవాటై. మనిషి మనసు వింతది. నిజంగా జరిగినదానికీ, జరిగిందని గట్టిగా ఊహించుకున్నదానికీ దానికి తేడా తెలియదు. రేపటి ఉత్తరం వెనక ఉన్న సైకాలజీ అంతా అదే. జరిగిపోయిందని రాసుకున్నవాడి నడక మారుతుంది. నడక మారితే దారి కనబడుతుంది.

నీకు ఇది కొత్తగా అనిపించకూడదు. నా డిగ్రీ ఫలితాలు రాకముందే నువ్వు చర్చిలో కృతజ్ఞతార్పణ కవరు వేశావు. నా పేరు రాసి మరీ వేశావు. నువ్వు దాన్ని విశ్వాసం అన్నావు. నేను దీన్ని సైకాలజీ అంటున్నాను.

నీ మరదలు మేబెల్ పోయాక నేను ఎలా ఉండేవాణ్ణో నువ్వు చూశావు. మందుల కంపెనీ బ్యాగు భుజాన వేసుకుని ఏ డాక్టరు గది ముందు కూర్చున్నానో కూడా తెలిసేది కాదు. అప్పుడు కంపెనీవాళ్ళు పంపిన మూడు రోజుల శిక్షణలో ఒకాయన నన్ను లేపి నిలబెట్టాడు. ఆ నిలబడడాన్ని పదిమందికీ పంచాలనే ఉద్యోగం వదిలాను. డోరా కూడా పంచుతుంది.

ఆగస్టు పద్నాలుగు, శనివారం, ఇక్కడ టౌన్‌లో పెద్ద హాలు తీసుకున్నాను. అరవై కుర్చీలు. అది చూశాక నువ్వే డోరా పెట్టె సర్దుతావు.

ప్రేమతో, ఉత్సాహంతో,
నీ శేఖర్

*

సీతాఫల్‌మండి
24 జూలై 1999

ప్రభువునందు ప్రియమైన శేఖర్‌కు,

దేవుని కృపవల్ల మేము క్షేమం.

ఉత్తరం బాగుంది. నేను అడిగినదానికి మాత్రం జవాబు లేదు.

కృతజ్ఞతార్పణ కవరు వేసిన మాట నిజమే. కవరు వేశాను గానీ, నా తమ్ముడు పాసయ్యాడని ఎదురింటివాళ్ళకు చెప్పలేదు. ఫలితాలు వచ్చాకే చెప్పాను.

ఆదివారం బొల్లారం నుంచి జకర్యా బాబాయి వచ్చాడు. అద్దం మీది కాగితం చదివి, "ఇరవై ఒక్కసార్లెందుకే డోరా? మా సుబేదారు ఒక్కసారి అరిస్తే పటాలం మొత్తం సమర్థులైపోయేది" అన్నాడు. డోరా నవ్వింది. ఆయన కాగితం వైపే మళ్ళీ రెండుసార్లు చూశాడు. వెళ్ళేటప్పుడు, "నాకూ ఒకటి ఇవ్వు, పొద్దున్న మోకాలు మడత పడడం లేదు" అని అడిగి తీసుకెళ్ళాడు. నీ పనిలో మంచి లేదని నేను అనడం లేదు శేఖర్. అది మా ఇంట్లోనే కనబడుతోంది.

దేవమ్మ రోజూ కాగితం చదివించుకుంటోంది. ఆమెకు చదవడం రాదు. డోరా చదివితే తిరిగి చెప్తుంది. మూడో వాక్యం దగ్గర సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

ఎడమ చెవి కాస్త పోటుగా ఉంది. హెడ్‌ఫోన్ కుడివైపుకు మార్చుకున్నాను. చెప్పుకోదగ్గది కాదు.

రాజీనామా కాగితం అల్మరాలో ఉంది. తేదీ వేయలేదు. నీ పద్నాలుగో తేదీ అయ్యాక వేస్తానంది. అందుకని ఆ రోజు ఎంతమంది వచ్చారో నాకు అంకె రాయి. అంకె చాలు. పాఠం వద్దు.

నీ క్షేమం కోరే అక్క,
కాంతమణి

*

కాకినాడ
14 ఆగస్టు 1999, శనివారం

ప్రియమైన పెద్దక్కకు,

అంకె అడిగావు. రాస్తున్నాను. ఎనభై మూడు.

అరవై కుర్చీలు చాలక పక్క గదిలోంచి బెంచీలు తెప్పించాం. నేను ఉండే లాడ్జి మేనేజరు తాతారావుగారు దగ్గరుండి సర్దించారు. ఎప్పుడూ గల్లాపెట్టె వదలని మనిషి, సాయంత్రం వరకు చివరి వరసలోంచి కదల్లేదు. ఒక బ్యాంకు ఆఫీసరు లేచి, "ఇరవై ఏళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటూ పనికి వెళ్తున్నాను, రేపటి నుంచి మానేస్తాను" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఇద్దరు కాలేజీ ప్రిన్సిపాళ్ళు తమ దగ్గర తరగతులు పెట్టమని అడిగారు. ఆడవాళ్ళే ముప్పై మంది ఉంటారు. "మాకు వేరే బ్యాచ్, లేడీ టీచరు ఉంటే బాగుండును" అని వాళ్ళంతట వాళ్ళే అన్నారు.

గదికొచ్చి కూర్చుని నీకు రాస్తున్నాను. గొంతు పోయింది. ఒళ్ళంతా నొప్పులు. కానీ మనసు తేలిగ్గా ఉంది. చాలా కాలానికి ఆకలి వేస్తోంది.

ఈ ఉత్తరం డోరాకు చదివి వినిపించు. కాగితం మీద తేదీ వేయమను.

ప్రేమతో,
నీ శేఖర్

*

సీతాఫల్‌మండి
12 ఆగస్టు 1999

ప్రియమైన శేఖర్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. పదకొండో తేదీ, బుధవారం. కవరు మీద కాకినాడ ముద్ర తొమ్మిదో తేదీది. లోపల నువ్వు వేసిన తేదీ పద్నాలుగు.

పద్నాలుగు ఇంకా రాలేదు శేఖర్. ఎల్లుండి.

జంగయ్య కవరు నా చేతికే ఇచ్చాడు. డోరా స్కూల్లో ఉంది. చదివి, మంచం మీద కూర్చుండిపోయాను. సాయంత్రం అది వచ్చేసరికి దుప్పట్ల కింద పెట్టేశాను. "అన్నయ్య ఏమైనా రాశాడా?" అంది. "పద్నాలుగు కానీ" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

నువ్వు నేర్పిన పద్ధతిలో రాసుకున్నావు. రాసుకోవడం తప్పనను. రేపటి తేదీ వేసుకుని ఎవరు బతకడం లేదు? కానీ రేపటి ఉత్తరాన్ని ఇవాళ్టి ఉత్తరమని నాకు పంపావు. అదీ నేను అంకె అడిగాక. అది చూసి మన చెల్లెలు ఉద్యోగం వదులుకుంటుందని తెలిసి.

నాకు కోపం లేదు. కోపం రావడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

ఒక్కటే అడుగుతాను. అందులో చివర, చాలా కాలానికి ఆకలి వేస్తోందని రాశావు. నువ్వు తింటున్నావా?

అక్క

*

కాకినాడ
19 ఆగస్టు 1999

పెద్దక్కకు,

తేదీ సరిగ్గానే వేశాను. గోడ మీద క్యాలెండరు చూసి వేశాను.

పదకొండు మంది వచ్చారు. అందులో ఒకరు తాతారావుగారు. ఇంకొకరు హాలు తాళాలు తీసే ఆయన, మేం వెళ్ళాక తాళం వేయాలి కాబట్టి కూర్చున్నాడు.

మొదటి ప్రశ్న నేను ఎప్పుడూ ఒకటే అడుగుతాను. "మీ గురించి మీరు చెప్పండి." ఎవరూ లేవలేదు. వెనక నుంచి ఒక పెద్దావిడ, "ముందు మీరు చెప్పండి బాబూ, మాకు దారి తెలుస్తది" అంది. వెటకారం కాదు, మామూలుగానే అంది. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. మాట రాలేదు. ఎంతసేపో తెలియదు. డోరా ఆ ఇంటర్వ్యూ గదిలోంచి ఎలా లేచి వచ్చేసిందో అప్పుడు నాకు తెలిసింది. ఏడాదిగా దాని కథ ప్రతి తరగతిలో చెప్తున్నాను, తెలియకుండానే చెప్పాను.

తాతారావుగారు వచ్చి మైకు కట్టేశారు. గదికి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చారు. "మాస్టారండీ, ఏమీ అనుకోకండి. మీరు చెప్పే తరగతిలో ముందు మీరోసారి కూర్చోవాలండీ" అన్నారు. ఏమీ అనుకోలేదు.

నీకు నిజం రాస్తాను. వేసవి వరకు తరగతులు బాగానే నడిచాయి. మన చర్చి హాల్లో మీరు చూసిందీ నిజమే. తిరిగొచ్చాక, జూన్ మూడు, మేబెల్ పోయిన రోజు, పొద్దున్న లేవలేదు. ఒక్క రోజు కదా అనుకున్నాను. మర్నాడూ లేవలేదు. జూన్, జూలైల్లో ఒక్క బ్యాచ్ కూడా లేదు. దేవమ్మగారి మాట తరగతిలో చెప్పానని రాశాను. ఏ తరగతీ లేదు. గదిలో ఒక్కణ్ణే చదువుకుని నవ్వాను. అది మాత్రం నిజం.

కాగితం నాకూ ఉంది. అద్దానికి అంటించి ఉంది. నలుగురిని లేవమన్న నోరు నన్ను లేవమంటే నాకు వినబడడం లేదు. పదకొండు, పన్నెండు వరకు పడుకునే ఉంటాను. నువ్వు అంకె రాయమన్నావు. అంకె ముందే రాసేస్తే మనుషులు వస్తారనుకున్నాను. నీకు పోస్టు చేసేస్తే ఇక వెనక్కి వెళ్ళడానికి ఉండదు కదా అనుకున్నాను. అందరికీ నేను చెప్పేది అదే.

డోరాను రమ్మన్నది ఆడవాళ్ళ బ్యాచ్ కోసం కాదు. ఈ గదికి ఎవరైనా వస్తే బాగుండునని.

ఆ రాజీనామా ఇవ్వనివ్వకు. నాకోసం ఏమీ చేయవద్దు. దానికి నువ్వే చెప్పు. నాకు చెప్పే మొహం లేదు.

తినడం గురించి అడిగావు. తాతారావుగారు మధ్యాహ్నం క్యారేజీ పంపిస్తున్నారు. సగం తింటున్నాను.

శేఖర్

*

సీతాఫల్‌మండి
30 ఆగస్టు 1999, సోమవారం

ప్రభువునందు ప్రియమైన నా తమ్ముడు జ్ఞానశేఖర్‌కు,

ఈసారి క్షేమం అని రాయడం లేదు. ఎందుకో చెప్తాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. తెచ్చిన మనిషి నీ ఎదురుగానే ఉంటుంది. ముందు తనను కూర్చోబెట్టు, తర్వాత చదువు.

నీ ఉత్తరం నాకు మొన్న సోమవారం అందింది. వారం రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. డోరాకు ఎలా చెప్పాలో తెలియలేదు. నిన్న ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చాక బాబాయిని కూడా కూర్చోమన్నాను. టీ ఇచ్చాను. దుప్పట్ల కింది నుంచి రెండు కవర్లూ తీసి, మొదటిది తేదీతో సహా, రెండోది తేదీతో సహా, చదివాను. మధ్యలో ఆగలేదు.

డోరా రెండు కవర్లూ తీసుకుని ముద్రలు చూసింది. చివరికి, "నీకు ఎప్పుడు తెలుసు పెద్దక్కా?" అంది.

"పదకొండో తేదీ."

"అంటే పద్దెనిమిది రోజులు." వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ అంది. "అన్నయ్య జరగనిదాన్ని జరిగిందన్నాడు. నువ్వు జరిగినదాన్ని ఏమీ జరగనట్టు రోజూ నాకు ఉప్మా పెట్టావు. నేనేమైనా పగిలిపోయే గాజు గ్లాసునా?"

బాబాయి, "పెద్దదాన్ని అలా అనకూడదమ్మా" అన్నాడు.

"అననివ్వు బాబాయ్" అన్నాను. అది గొంతెత్తి నాతో మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. ఏ కాగితం చూసీ మాట్లాడలేదు.

కాసేపటికి బాబాయి గడియారం చూశాడు. "కాంతమ్మా, ప్రార్థన చెయ్యి. బొల్లారం బస్సు అందుకోవాలి" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. తల వంచాను. వాళ్ళిద్దరూ వంచారు. పక్కింట్లో దేవమ్మ చీపురు పెట్టి ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది. నాకు మాట రాలేదు శేఖర్.

ఆ ఒక్క సాయంత్రమే కాదు. ఏడాదిన్నరగా రావడం లేదు. ఇంట్లో పైకి చేసేవన్నీ అమ్మ చేసిన ప్రార్థనలే, నోటికి వచ్చినవే. పొద్దున్న ఒక్కదాన్నే మోకాళ్ళ మీద కూర్చుంటాను, లేస్తాను. మధ్యలో ఏమీ ఉండదు. దేవుడు లేడని కాదు. నేను అలసిపోయాను. చెవి పోటు చిన్నది కాదు. జనవరి నుంచి ఎడమవైపు సరిగ్గా వినబడడం లేదు. నంబరు రెండుసార్లు చెప్పించుకుంటే అవతలివాళ్ళు విసుక్కుంటున్నారు. ఇవన్నీ పెట్టుకుని, నీకు రాసిన ఉత్తరాల్లో మేము క్షేమం అని మొదటి వరసలో రాశాను. నీ ఎనభై మూడుకూ, నా క్షేమానికీ పెద్ద తేడా లేదు. నిన్ను పట్టుకున్నది పోస్టాఫీసు ముద్ర. నా దాని మీద ఏ ముద్రా పడదు, అంతే.

కళ్ళు తెరిచి ఈ మాటలే వాళ్ళకు చెప్పాను. ఇంతకంటే తక్కువ మాటల్లో.

బాబాయి చేతికర్ర నేల మీద పెట్టేశాడు. బస్సు సంగతి ఎత్తలేదు.

అప్పుడు డోరా ప్రార్థించింది. నా మోచేతిని తట్టలేదు. నేను ఆమేన్ అనడానికి కూర్చున్నాను. అది అన్న మాటలు నాకు గుర్తున్నాయి, కొన్నే కాబట్టి. "ప్రభువా, మాకు చేతకావడం లేదు. అన్నయ్య పొద్దున్న లేవలేకపోతున్నాడు. పెద్దక్క అలసిపోయింది. నాకు భయంగా ఉంది." అక్కడ ఆగింది. ఇంటర్వ్యూలోలాగా లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. లేవలేదు. కూర్చునే, "ఇవాళ్టికి ఇంతే. ఆమేన్" అంది. బాబాయి ఆమేన్ ఎంత గట్టిగా అన్నాడంటే, దేవమ్మ చీపురు ఆగిపోయింది. "ఏమైంది కాంతమ్మా, అంతా మంచిదేనా?" అంది గోడ మీంచి. "మంచిది కాదు దేవమ్మా, తర్వాత చెప్తా" అన్నాను. ఆమెకు ఆ జవాబు నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఏమనాలో తెలియక పదినిమిషాల్లో గిన్నెడు పులుసు తెచ్చి ఇచ్చింది.

అది తింటూ అనుకున్నవి నీకు రాస్తున్నాను. అందరం ఒప్పుకున్నవే.

రాజీనామా ఇవ్వడం లేదు. డోరా చించబోతే బాబాయి ఆపాడు, వెనకవైపు తెల్లగా ఉందన్నాడు. ముందువైపు ఏడు వరసలూ కొట్టేసి, వెనక రెండు రోజుల సెలవుకు చీటీ రాసింది. కారణం దగ్గర "అన్నయ్యను ఇంటికి తీసుకురావడానికి" అని రాసింది. ఇవాళ ఉదయం ఇచ్చి వచ్చింది. సాయంత్రం బండికి కాకినాడ బయలుదేరుతోంది. రేపు ముప్పై ఒకటి. రాజీనామా అందవలసిన రోజున డోరా నీ గది తలుపు దగ్గర ఉంటుంది.

డిసెంబరులో హెడ్‌మిస్ట్రెస్ పోస్టు మళ్ళీ ఖాళీ అవుతోందట. ఇంటర్వ్యూకు వెళ్తానంది. మాట వస్తుందో రాదో తెలియదు, వెళ్తాను అంది. అద్దం మీది కాగితం తీయలేదు. కింద పెన్సిలుతో ఒక వరస కలిపింది. నేను చదవలేదు, అడగలేదు.

నువ్వు ఇంటికి వస్తున్నావు. ముందు గది నీది. మంచం కిటికీ పక్కకు జరిపాం. తరగతులు మళ్ళీ పెడతావా లేదా అనేది ఇప్పుడు ఎవరూ అడగరు. మనసుకు జబ్బు చేస్తే చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడని బాబాయి కనుక్కున్నాడు. నువ్వు చెప్పే సైకాలజీయే కదా, సిగ్గెందుకు. శుక్రవారం ముగ్గురం వెళ్తాం. నాది చెవి డాక్టరు దగ్గర మొదలుపెట్టి, మిగిలింది ఆయనకూ చెప్తాను.

తాతారావుగారికి మా తరఫున నమస్కారం చెప్పు. క్యారేజీ గిన్నెలు కడిగి ఇవ్వు.

ప్రార్థనకు వంతులు వేసుకున్నాం. ఇకపై నా ఒక్కదాని మీద లేదు. సోమ, గురువారాలు డోరా. మంగళ, శుక్రవారాలు నేను, మాట వస్తే. రాకపోతే రాలేదని చెప్పి, ఊరికే కూర్చుంటాం. ఆదివారం బాబాయి. బుధ, శనివారాలు నీకు వదిలి ఉంచాం.

నీ అలసిన అక్క,
కాంతమణి